ఎక్కడిదక్కడే

ఆ రోజు ఉదయం చప్పుళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే భార్య కారులో రేడియో స్టేషనుకు చేరాలి. మధ్యాహ్నం దాకా గాలినీ గుర్రాన్నీ తలుపు కిర్రునీ సరిచూసుకోవాలి. సాయంత్రం ప్రత్యక్ష ప్రసారంలో వాన కురిపించాలి. ఇంతే. ఇందులో మెకానిక్ ఎక్కడా లేడు.

చప్పుళ్ళాయన అంటే రేడియో నాటకాలకు చప్పుళ్ళు చేసే మనిషి. కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరిగెత్తిస్తాడు, తోలు చేతితొడుగులు విదిలించి పావురాన్ని ఎగరేస్తాడు, పిండిసంచి నలిపి మంచులో మనిషిని నడిపిస్తాడు. ఇక ఆయన దగ్గర పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. అందులో గుప్పెడు ఎండు బఠాణీలు. దాన్ని ఆయన తనకే తెలిసిన లయలో వంచి తిప్పితే వాన. చినుకు కావాలంటే చినుకు, కుంభవృష్టి కావాలంటే కుంభవృష్టి. స్టేషనులో దాన్ని అందరూ వాన డబ్బా అంటారు. ఎన్నో నాటకాల్లో ఎంతోమంది నాయికలు ఆ బఠాణీల కింద తడిసి ముద్దయ్యారు.

ఈమధ్య స్టేషనుకు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చెడ్డ మనిషి కాదు, కాకపోతే ఆవిడకు గదులు ఖాళీ చేయించడం సరదా. "నా కంప్యూటర్లో వంద వానలున్నాయండీ. మీట నొక్కితే కురుస్తాయి. మీ డబ్బాకి ఒక గదీ, ఒక మనిషీ ఎందుకో నాకర్థం కావట్లేదు. సరే, రేపు సాయంత్రం నాటకంలో మీ వాన వింటాను. నచ్చితే గది మీదే. లేదంటే ఎల్లుండి నుంచి అందులో పాత కుర్చీలు పెట్టిస్తాను" అని నిన్న మొహం మీదే చెప్పేసింది. పైగా వారం రోజులుగా ముసురు పట్టి బఠాణీలకు తేమ తగిలింది, వాన ఎవరో నీరసంగా చేతులు కడుక్కుంటున్నట్టు వినిపిస్తోంది. బాగుచేద్దామని డబ్బాను రాత్రి ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

తెల్లవారి చూస్తే బల్ల మీద డబ్బా లేదు.

"నా వాన ఏదీ?" అని ఆయన ఇల్లంతా కలయతిరిగాడు.

"అమ్మా, ఆయన డబ్బా చూశావా?" అంది భార్య, జడ వేసుకుంటూనే.

అత్తగారు కుర్చీ కాస్త పక్కకు తిప్పుకుని గోడకేసి చూసింది. "గోడా, తేమ పట్టింది తేమ పట్టిందని రాత్రి ఇల్లు ఎగిరిపోయేట్టు మూలిగారు కదా, అందుకని ఆరబెట్టాను. సాయంత్రానికి గలగలలాడుతుంది. ఎక్కడ పెట్టానో మాత్రం చెప్పను. చెబితే గడియకోసారి మూత తీసి వేలు పెడతారు. సమయానికి నేనే ఇస్తానని చెప్పు."

ఆ ఇంట్లో ఇది మామూలే. అత్తగారికీ అల్లుడికీ మధ్య మాటల్లేవు, గోడ ఉంది. కొన్నేళ్ళ కిందట పిల్లల నాటకం ఒకదానికి ఎలుగుబంటి గుర్రు కావలసి వచ్చింది. ఎన్ని డబ్బాలు గీకినా ఎలుగుబంటి పలకలేదు. ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా చప్పుళ్ళాయన టేప్‌రికార్డరు పట్టుకుని మునివేళ్ళ మీద వెళ్ళాడు. నాటకం బ్రహ్మాండంగా వచ్చింది. పిల్లలు జడుసుకున్నారు. పక్కింటివాళ్ళు మాత్రం జడుసుకోలేదు, ఎందుకంటే వాళ్ళు ఆ గుర్రును రోజూ వింటూనే ఉన్నారు. ఆ సాయంత్రం నుంచి అత్తగారు అల్లుడితో ఏం చెప్పాలన్నా గోడకే చెబుతుంది. "ఆవిడ పలకరిస్తే నేనూ పలకరిస్తాను" అని అల్లుడుగారు కూడా బిగుసుకుపోయారు. మధ్యలో గోడ నలిగిపోతోంది.

అత్తగారికి ఇంకో పద్ధతి ఉంది. వెచ్చదనం ఊరికే పోతుంటే ఆవిడ ప్రాణం ఒప్పదు. తడిసిన బూట్లు ఫ్రిజ్ వెనక, చేతిరుమాళ్ళు టీవీ నెత్తిన, మేజోళ్ళు దీపం మీద. ఈ సంగతి తెలిసే చప్పుళ్ళాయన దొంగచాటుగా ఆ చోట్లన్నీ వెతికాడు. మేజోళ్ళు దొరికాయి కానీ వాన దొరకలేదు. సరే, పెద్దావిడ మాటంటే మాటే కదా, సమయానికి ఇస్తుందిలే అనుకుని కారెక్కాడు.

కారు నడిపేది భార్య. చప్పుళ్ళాయన నడిపితే రోడ్డును చూడడు, వింటాడు. వెనక లారీ హారన్ కొడితే తప్పుకోవాల్సింది పోయి అది ఏ శ్రుతిలో ఉందో ఆలోచిస్తాడు. అందుకని మందుల దుకాణంలో పనిచేసే భార్యే ఆయన్ని స్టేషను దగ్గర దింపి తన పనికి వెళుతుంది.

వీధి మలుపు తిరిగి కారు వేగం అందుకోగానే మొదలైంది. గలగల, గలగల, గలగలగల.

"ఏంటండీ అది?" అంది భార్య.

"ష్!" అన్నాడు చప్పుళ్ళాయన. కళ్ళు మూసుకుని వినేవాడే, కానీ భార్య బ్రేకు వేసింది, తల ముందుకు కొట్టుకుంది. కారు ఆగితే చప్పుడు సన్నబడింది. వేగం పెంచితే మళ్ళీ గలగల. ఆయన వంగి డ్యాష్‌బోర్డుకు చెవి ఆనించాడు. చప్పుడు ఇంజన్లోంచే. "ఇది ఎక్కడో విన్నాను," అన్నాడు. "బాగా తెలిసిందే. నాలుక చివర్నే ఉంది."

"నాలుక సంగతి తర్వాత, ముందు సీటు బెల్టు పెట్టుకోండి. ఇంజన్ ఊడి రోడ్డు మీద పడితే మీ నాటకం ఎవడు చూస్తాడు?"

"నాటకం చూడరు, వింటారు," అని ఆయన సరిదిద్దాడు. ఆ సమయంలో సరిదిద్దాల్సిన మాట కాదది. భార్య చూసిన చూపుకు సీటు బెల్టు పెట్టుకున్నాడు.

దారిలోనే మెకానిక్ షెడ్డు ఉంది. ఆ మెకానిక్‌ను చుట్టుపక్కలంతా ఎక్కడిదక్కడే మేస్త్రీ అంటారు. ఒకప్పుడు ఎవరో కస్టమరు, కారులో పెట్టిన నల్ల కళ్ళద్దాలు పోయాయని వీధి మధ్యలో నిలబెట్టి ఆయన్ని దొంగను చేశాడట. కళ్ళద్దాలు ఆ కస్టమరు నెత్తి మీదే ఉన్నాయి, అది వేరే సంగతి. ఆ అవమానం మేస్త్రీ మనసులో ముల్లులా ఉండిపోయింది. అప్పటి నుంచీ ఆయనకొక నియమం. బండి రాగానే అందులో ఉన్న కస్టమరు వస్తువులన్నీ తీసి బల్ల మీద వరసగా పెడతాడు. పని అయ్యాక ఏది ఎక్కడుందో అక్కడే, అంగుళం తేడా లేకుండా సర్దుతాడు. అవేమిటని అడగడు, విప్పి చూడడు. ఖాళీ చేయకుండా బండి తాళం తిప్పడు, సామాన్లున్న బండి ఒక్క అడుగు నడపడు.

"చప్పుడా? అదెంత పని సార్. మీరిద్దరూ ఆఫీసులో కూర్చోండి," అన్నాడు మేస్త్రీ.

ఆఫీసంటే షెడ్డు మూలన అద్దాల గది, రెండు కుర్చీలు, ఆ వరస సామాన్ల బల్ల. మేస్త్రీ కారులోంచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టాడు. గొడుగు, నీళ్ళ సీసా, దువ్వెన, పూల దుప్పటి ముక్కలో కట్టిన మూట ఒకటి. మూట భార్య మందుల దుకాణానిదేదో అనుకున్నాడు భర్త. భర్త స్టేషను సరంజామాలో ఏదో ఒకటి అనుకుంది భార్య. కాపురం అన్నాక ప్రతి మూటా విప్పి చూసుకుంటామా?

మేస్త్రీ ఇంజన్ ఆన్ చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్ మీదా, రెండో కొస చెవి మీదా పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. కారు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఏ చప్పుడూ లేదు. అయినా ఊరికే పంపిస్తే బాగుండదని సైలెన్సర్ క్లాంపు బిగించి, సామాన్లు ఎక్కడివక్కడ సర్ది, తాళాలు చేతికిచ్చాడు.

షెడ్డు దాటి మలుపు తిరిగారో లేదో, గలగల.

వెనక్కి వచ్చారు. మళ్ళీ గొడుగు, సీసా, దువ్వెన, మూట బల్ల మీదికి వచ్చాయి. మళ్ళీ ఇంజన్ నోరు మెదపలేదు. "ట్యాపెట్లు వదులైతే ఇలా ఉంటుంది సార్," అని మేస్త్రీ ట్యాపెట్లు సరిచేశాడు. మళ్ళీ సర్దాడు. మళ్ళీ మలుపు. మళ్ళీ గలగల.

మూడోసారి రావడం చూసి మేస్త్రీకి చిర్రెత్తుకొచ్చింది. "నా షెడ్డులో ఉన్నంతసేపూ మీ బండి బుద్ధిమంతురాలు సార్. మీరెక్కగానే మోగుతుందంటే నేనేం చెయ్యను?"

"దగ్గుతున్న పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే దగ్గు మానేస్తాడు చూడండి, ఇదీ అంతే," అంది భార్య సర్దిచెబుతూ. ఆ పాటికి ఆవిడ దుకాణానికి సెలవు చెప్పేసింది.

"నేనూ వెంట వచ్చి వింటాను, సరేనా? అయితే సామాన్లన్నీ ఇక్కడ దించాకే. నా నియమం మార్చుకోను."

సామాన్లన్నీ దించి ముగ్గురూ వెళ్ళొచ్చారు. మెత్తగా, హాయిగా, పిల్లి నడిచినట్టు నడిచింది కారు. కానీ మేస్త్రీ చప్పుళ్ళాయన్ని చూసిన చూపులో, పాపం పెద్దాయనకు చెవుల్లోనే ఏదో ఉందన్న జాలి కనిపించింది. అది చప్పుళ్ళాయన భరించలేకపోయాడు. చెవులే ఆయనకు అన్నం పెట్టే చేతులు. వాటిని అనుమానిస్తే ఎలా?

"వినిపిస్తాను. అచ్చం అదే చప్పుడు వినిపిస్తాను," అన్నాడు.

వాన డబ్బా ఉంటే చిటికెలో పని. లేదు కాబట్టి షెడ్డులో దొరికినవే ఏరుకున్నాడు. స్టీలు గ్లాసు, అందులో నాలుగు నట్లు, కొన్ని వాషర్లు, ఒక తుప్పుపట్టిన బోల్టు. కళ్ళు మూసుకుని ఊపాడు. కళాకారుడు కదా, ఉన్నది ఉన్నట్టు ఊపి ఊరుకోలేదు. ఇంజన్ పడుతున్న బాధను కూడా కాస్త కలిపాడు. ఎత్తు మీద ఎగశ్వాస, పల్లంలో మూలుగు, చివర్లో ఒక కరకర.

షెడ్డులో పని ఆగిపోయింది. పక్క కారు కస్టమరు తన కారుకు దూరంగా జరిగాడు. మేస్త్రీ ముఖంలో రంగు మారింది.

"ఇలా మోగిందా సార్?"

"ఇలాగే."

"మరి ఇందాకట్నుంచీ గలగల అంటారేమిటి సార్! ఇది గలగల కాదు, బేరింగు! ఇలాంటి బండిలో మేడమ్‌ను కూర్చోబెట్టి తిప్పుతున్నారా? కింద చాంబర్ దింపాల్సిందే!"

అడ్డం పడే అవకాశం ఇవ్వకుండా ఇంజన్ కింద చాంబర్ దిగింది. నల్లటి ఆయిలు పళ్ళెంలోకి కారింది. ఒక్కో ముక్కా బయటికొచ్చి గుడ్డ మీద చేరుతుంటే భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చప్పుళ్ళాయన మాత్రం ముక్కలన్నిటినీ వేలితో తట్టి ఏది ఎలా పలుకుతుందో విన్నాడు. ఒక గేరు చక్రం గుడిగంటకు పనికొస్తుందనిపించింది కూడా. అంతలో టీ వచ్చింది. గ్లాసు పెట్టుకోవడానికి బల్ల మీద చోటు లేక, దుప్పటి మూట మీద పెట్టాడు. మూట చదునుగా, గుండ్రంగా, గ్లాసు కోసమే చేసినట్టుంది.

ఈలోగా ఇంటి నుంచి అత్తగారి ఫోన్లు మొదలయ్యాయి.

"అమ్మాయ్, కారు తిరుగుతోందా?"

"లేదమ్మా, షెడ్డులో పెట్టాం."

"అయ్యో! ఆపేశారా? ఇంజన్ వేడిగా ఉందా?"

"లేదమ్మా, విప్పేశారు."

"విప్పేశారా! మరి చల్లారిపోదూ?" అని అత్తగారు గుండెలు బాదుకున్నంత పని చేసింది. కాసేపయ్యాక మళ్ళీ ఫోను. "బిగించారా? కాస్త గట్టిగా తిప్పమనవే, వేడెక్కాలి."

భార్య ఫోను పెట్టేసి కళ్ళొత్తుకుంది. "మీరేమో ఆవిడతో మాట్లాడరు. చూడండి, మన కారు కోసం కూడా ఎంత బెంగ పడుతోందో."

చప్పుళ్ళాయనకు మనసులో ఎక్కడో చివుక్కుమంది. "ఆవిడ ముందు పలకరిస్తే..." అని నసిగి, మళ్ళీ గేరు చక్రం తట్టాడు.

సాయంత్రం దగ్గరపడుతుండగా మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "బేరింగు బాగానే ఉంది సార్."

"బాగానే ఉందా!"

"అదే మీ అదృష్టం. పాడవకముందే పట్టుకున్నాం." మేస్త్రీ ముఖంలో ఆవగింజంత సందేహం లేదు. "అంతా బిగించాను. ఒకటే మాట. ప్యాకింగుకు గమ్ము పూశాను. రేపటిదాకా బానెట్ తెరవొద్దు, ఎవరూ చెయ్యి పెట్టొద్దు." అని వెళ్ళి గొడుగు, సీసా, దువ్వెన, మూట ఎక్కడివక్కడ సర్దాడు.

భార్య ఆ మాటను మనసులో రాసుకుంది. మందుల దుకాణంలో పనిచేసే మనిషి మరి. అన్నానికి ముందు అంటే ముందే, తర్వాత అంటే తర్వాతే.

ప్రసారానికి ఇక వ్యవధి లేదు. డబ్బా కోసం ఇంటి ముందు కారు ఆపితే, అత్తగారు పెద్ద చేతిసంచితో సిద్ధంగా నిలబడి ఉంది. "నేనూ వస్తా," అంటూ నేరుగా కారు ముందుకు నడిచింది. "అమ్మాయ్, ఒక్కసారి ఈ బానెట్ ఎత్తు."

"మెకానిక్ రేపటిదాకా తెరవొద్దన్నాడమ్మా. ఎక్కు, ఆలస్యమైపోతోంది."

"ఒక్క క్షణమేనే..."

"అమ్మా! నీకెందుకు ఇంజన్ గొడవ? ఎక్కు!"

అత్తగారి ముఖం చిన్నబోయింది. వెనక సీట్లో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. కారు కదిలింది. మలుపు వచ్చింది. గలగల. చప్పుళ్ళాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. భార్య పళ్ళు నూరింది. వెనక సీట్లో అత్తగారు మాత్రం చెవులు రిక్కించి, తృప్తిగా తలాడించడం వాళ్ళు చూడలేదు.

"డబ్బా ఇవ్వమను," అన్నాడు చప్పుళ్ళాయన, సంచిని ఓరకంట చూస్తూ.

కారులో గోడ లేదు. అత్తగారు ముందున్న చిన్న అద్దంతో మాట్లాడింది. "అద్దమా, వానకి మళ్ళీ ప్రాణం పోసింది నేను. ఈసారి మాత్రం ఊరికే ఇవ్వను. నోరు తెరిచి, నన్ను చూసి, నేరుగా అడిగితేనే ఇస్తాను."

"ఛస్తే అడగను," అన్నాడు చప్పుళ్ళాయన, కిటికీతో.

స్టేషను చేరేసరికి నాటకం మొదలైపోయింది. చప్పుళ్ళ గది కింది అంతస్తులో, వాకిలి వైపు కిటికీతో ఉంటుంది. చప్పుళ్ళాయన పరుగున వెళ్ళి గుర్రాన్ని దౌడు తీయించాడు, తలుపు కిర్రుమనిపించాడు. అద్దం అవతల డైరెక్టరమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వేలు కంప్యూటరు మీట దగ్గరే తారట్లాడుతోంది. ఆఖరి దృశ్యంలో, కోపగించుకున్న స్నేహితుడి గుమ్మం ముందు నాయకుడు వానలో నిలబడతాడు. తలుపు తెరుచుకోదు. చివరి నిమిషం ఒక్క మాట లేదు, వాన ఒక్కటే. నచ్చడమో, కుర్చీలు రావడమో ఆ నిమిషంలోనే తేలాలి.

భార్య రొప్పుతూ గదిలోకి వచ్చింది. "సంచి మొత్తం వెతికాను. శాలువా, కళ్ళజోడు తప్ప ఏమీ లేవు. కారు దిగి రమ్మంటే రాదు. మీరే వెళ్ళి అడగాలట." గొణిగినట్టే చెప్పింది, మైకు ఉంది కదా. అంతలో వాచ్‌మన్ కిటికీలోంచి, గేటుకు అడ్డంగా ఉన్న కారు తియ్యమని చేతులు ఊపాడు. ఆవిడ మళ్ళీ పరిగెత్తింది.

చప్పుళ్ళాయన కాగితాలు నలిపాడు. కాగితాల్లాగే వినిపించాయి. పళ్ళెంలో ఇసుక తిప్పాడు. ఇసుక. వేళ్ళతో బల్ల మీద టపటపలాడించాడు. ఎవరో ఆకలి మీదున్న మనిషి భోజనం కోసం ఎదురుచూస్తున్నట్టుంది. అద్దం అవతల డైరెక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇక అయిపోయింది అనుకున్నాడు. గోడకున్న కొబ్బరి చిప్పలను, మూలనున్న కిర్రు తలుపును చూశాడు. వీటి మీద కుర్చీలు పడేస్తారు. కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు వాన పడింది.

బయట, కిటికీ అవతల. మెత్తగా మొదలై, దట్టమై, మళ్ళీ పలచబడి. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి చూస్తే ఆకాశం నిర్మలంగా ఉంది. వాకిట్లో భార్య కారును వెనక్కి తీస్తోంది. పొద్దున్నుంచీ ఆయన కళ్ళ ముందు కారుండగా విన్నాడు కాబట్టి అది ఇంజన్. ఇప్పుడు గోడ అవతల నుంచి విన్నాడు కాబట్టి వాన. ఏదో ఒక వాన కూడా కాదు. ఇన్నేళ్ళుగా తన మణికట్టులోంచి కురిసిన వాన. తన వాన తనకు తెలియదా!

మైకు లాక్కుని, దాని పొడుగు తీగతో కిటికీలోంచి వాకిట్లోకి దూకాడు. మైకును బానెట్ మీదికి వంచి భార్యకు చేత్తో సైగ చేశాడు, నొక్కు అని. ఇంతకుముందు ఆయన సైగలు ఒక్కటీ అర్థం కాని ఆ ఇల్లాలికి ఆ పూట ఎలా అర్థమైందో, యాక్సిలరేటరు నొక్కింది. గలగలా కురిసింది. చెయ్యి దించితే చినుకు. ఎత్తితే జడివాన. బఠాణీలు ఫెళఫెళ ఎండిపోయి, ప్రతి చినుకూ విడివిడిగా పలుకుతోంది. కింద ఇంజన్ గొణుగుడు దూరాన మేఘం ఉరిమినట్టుంది. లోపల డైరెక్టరమ్మ వేలు మీట మీంచి జారిపోయింది.

వెనక సీటు కిటికీలోంచి అత్తగారు చూస్తోంది. పొద్దుట్నుంచీ కడుపులో దాచుకున్న మాట. అల్లుడు బానెట్ మీదికి వంగి, నవ్వుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ తనవైపే చూస్తున్నాడు. ఇక ఆవిడ వల్ల కాలేదు. తల బయటపెట్టి, గోడకు కాదు, అద్దానికి కాదు, నేరుగా అల్లుడికే వేసింది కేక.

"ఏం నాయనా! బాగా ఎండిందా?"

ఆ మాట మైకులోంచి, తీగలోంచి, ఎంతమంది వింటున్నారో అంతమంది ఇళ్ళలోకి వెళ్ళింది. జోరున వాన కురుస్తుండగా, ఒక ముసలావిడ, బాగా ఎండిందా అని అడిగింది. డైరెక్టరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. స్టూడియోలో నాయకుడి వేషం వేసినతను ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తేరుకుని, వణుకుతున్న గొంతుతో, "ఎక్కడ పెద్దమ్మా, నిలువునా తడిసిపోయాను" అన్నాడు. స్నేహితుడి వేషం వేసినతనికి ఏం తోచిందో, రాసి లేకపోయినా వెళ్ళి కిర్రు తలుపు తెరిచాడు. నాటకం అయిపోయింది.

డైరెక్టరమ్మ వాకిట్లోకి వచ్చేసరికి, మేస్త్రీ మాట కాదని బానెట్ ఎత్తి ఉంది. బ్యాటరీ పక్క సందులో, వెచ్చగా, పూల దుప్పటి మూట. దాని మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అంటుకుని ఉంది. విప్పితే వాన డబ్బా.

"నిన్న రాత్రి అమ్మాయి అద్దాలు కడిగే నీళ్ళు పోయడానికి బానెట్ ఎత్తింది. లోపల అంత వేడి ఊరికే పోతోంది. పెట్టాను," అంది అత్తగారు, తప్పేముందన్నట్టు.

డైరెక్టరమ్మ డబ్బాను, కారును, పెద్దావిడను మార్చి మార్చి చూసింది. "నా కంప్యూటర్లో వంద వానలున్నాయి కానీ, ఒక్కదానికీ అత్తగారు లేరండీ," అంది చప్పుళ్ళాయనతో. "ఫోన్లు ఆగట్లేదు. ఆ పెద్దమ్మ ఎవరని అడుగుతున్నారు. గది మీ దగ్గరే ఉంచుకోండి. కుర్చీలకు వేరే చోటు చూస్తాను."

చప్పుళ్ళాయన ఆనందంతో ఉక్కిరిబిక్కిరై అత్తగారి ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "అత్తయ్యగారూ, ఆ ఎలుగుబంటి సంగతి... మీ పరువు తీశాను. తప్పు నాదే."

"పరువా?" అత్తగారు ఆశ్చర్యపోయింది. "ఎలుగుబంటి ఎంత బాగా వచ్చిందయ్యా! పిల్లలు పక్కలు తడిపారట. నా కోపం దానిక్కాదు."

"మరి?"

"నాటకం అయ్యాక అందరి పేర్లూ చదివారా? కోతి ఎవరో చెప్పారు, నక్క ఎవరో చెప్పారు, వెనకాల డోలు కొట్టినవాడి పేరు కూడా చెప్పారు. ఎలుగుబంటి ఎవరో చెప్పారా? రేడియో ముందు చెవి పెట్టుకుని కూర్చున్నాను నాయనా, నా పేరొస్తుందని."

ప్రపంచంలో చప్పుళ్ళన్నీ విన్న మనిషి, పక్కగదిలో ఉన్న మనిషి మౌనాన్ని ఇన్నేళ్ళూ తప్పుగా విన్నాడు. ఆ రాత్రి వార్తలకు ముందు డైరెక్టరమ్మ స్వయంగా మైకు ముందుకొచ్చి, వాన ఎవరు కురిపించారో, ఎవరు ఎండబెట్టారో, పాత ఎలుగుబంటి ఎవరో, పేరుపేరునా చదివింది.

మర్నాడు మేస్త్రీ ఫోను చేశాడు. "చప్పుడు పోయిందా సార్?"

"పోయిందయ్యా. ఆ మూటే మోగింది."

"అవును సార్, తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా మోగేది," అన్నాడు మేస్త్రీ నిబ్బరంగా. "మీరు ఇంజన్ చప్పుడన్నారు, మూట చప్పుడనలేదు. కస్టమరు మూటల్లో నేను చెవి పెట్టను."

ఇప్పుడు అత్తగారికి నాటకాల్లో పెద్దమ్మ వేషాలు వస్తున్నాయి. పొద్దున లేచింది మొదలు అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, వానలో లోపాలు, గాలిలో లోపాలు, గుర్రం నడకలో లోపాలు ఒక్కొక్కటే నేరుగా చెబుతుంది. చప్పుళ్ళాయన వింటూ వింటూ, ఏ పనీ లేక హాయిగా నిలబడి ఉన్న గోడకేసి అప్పుడప్పుడూ దిగులుగా చూస్తుంటాడు.